మాటల చుట్టరికం గుండెకు ఎసరు

స్పెయిన్ ఆసుపత్రుల కాగితాల్లో ‘ఎక్సితుస్’ అనే మాట తరచు కనిపిస్తుంది. గుండె ఆపరేషన్ల ఫలితాలు రాసిన పట్టికలో ఆ మాట పక్కన 4 అని ఉందనుకోండి. స్పానిష్‌లో ‘ఎక్సితో’ అంటే విజయం. ఓహో, నాలుగు ఆపరేషన్లు జయప్రదంగా ముగిశాయన్నమాట అనుకుని ఇంగ్లిష్‌లో అలాగే రాసేస్తే పప్పులో కాలేసినట్టే. నలుగురు చనిపోయారని అక్కడ రాసింది. ‘ఎక్సితుస్ లెతాలిస్’ అన్న లాటిన్ మాటకు ప్రాణాంతకమైన ముగింపు అని అర్థం. స్పెయిన్ డాక్టర్లు అందులో ప్రాణాంతకాన్ని వదిలేసి ముగింపును మాత్రం ఉంచుకున్నారు. చావును చావు అని రాయడానికి డాక్టర్లకు ఎక్కడైనా మొహమాటమే. మన దగ్గర ‘పేషెంట్ ఎక్స్‌పైర్ అయ్యారు’ అంటారు కదా, అదీ ఆ బాపతే.

స్పానిష్ కార్డియాలజీ రాతల్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చే పనిలో చిక్కంతా ఇలాంటి చోటే ఉంది. బొత్తిగా తెలియని మాట ఎవరినీ ముంచదు. తెలియదని తెలుసు కాబట్టి నిఘంటువు తీస్తాం, రాసిన డాక్టరునే అడుగుతాం. తెలిసినట్టు కనబడే మాట దగ్గరే అనువాదకుడు ఏమరుపాటులో పడతాడు. రెండు భాషల వైద్య పదాలూ లాటిన్, గ్రీకుల నుంచి వచ్చినవే. ‘ఎలెక్త్రొకార్దియొగ్రామా’ ఏమిటో, ‘ఇపెర్తెన్సియోన్’ ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పది చోట్ల అలా పని సులువుగా జరిగిపోయాక పదకొండో చోట కూడా అదే ధైర్యంతో కలం ముందుకు పోతుంది. ఆ పదకొండో చోటును పసిగట్టడమే ఈ విద్య.

‘ఇన్సుఫిసియెన్సియా’నే తీసుకుందాం. చాలకపోవడం అని దాని మామూలు అర్థం. ఇంగ్లిష్‌లో ఇన్‌సఫిషియెన్సీ అన్న జోడు సిద్ధంగా ఉంది. ‘ఇన్సుఫిసియెన్సియా కార్దియాకా’ను కార్డియాక్ ఇన్‌సఫిషియెన్సీ అని రాస్తే అమెరికా కార్డియాలజిస్టుకు అర్థం కాకపోదు గానీ, పాతకాలపు పుస్తకంలోంచి లేచొచ్చిన మాటలా తోస్తుంది. వాళ్లు వాడేది హార్ట్ ఫెయిల్యూర్. అదే మాట కవాటం పక్కన చేరి ‘ఇన్సుఫిసియెన్సియా మిత్రాల్’ అయిందంటే ఫెయిల్యూర్ అనడానికి వీల్లేదు. మైట్రల్ కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి తన్నుతోందని భావం, ఇంగ్లిష్‌లో అది మైట్రల్ రిగర్జిటేషన్. కిడ్నీ పక్కన, ఊపిరితిత్తుల పక్కన మళ్లీ ఫెయిల్యూర్. కాళ్ల సిరల దగ్గరికి వచ్చేసరికి, విచిత్రంగా, ఇన్‌సఫిషియెన్సీయే సరైన మాట. ఇక పాత రిపోర్టుల్లో ‘ఇన్సుఫిసియెన్సియా కొరొనారియా’ అని ఉంటే అది వేరే తంటా. గుండె కండరానికి రక్తం చాలడం లేదని ఆనాటి డాక్టరు ఉద్దేశం. నేటి ఇంగ్లిష్‌లో దాన్ని జబ్బు పేరుగా వాడటం దాదాపుగా పోయింది. ఛాతీ నొప్పి గురించి అంటున్నారా, పూడుకుపోయిన ధమనుల గురించి అంటున్నారా అన్నది చుట్టుపక్కల వాక్యాలు చూసి తేల్చుకోవాల్సిందే.

దానికన్నా గడుసుది ‘దెరివసియోన్’. మళ్లించడం అని దీని మూలార్థం. ఈసీజీ గురించి చెబుతున్న చోట అది లీడ్. 12 ‘దెరివసియోన్’ల ఈసీజీ అంటే 12 లీడ్ల ఈసీజీ. సర్జన్ రాసిన నోట్సులో అది బైపాస్: పూడిన ధమనిని తప్పించి రక్తానికి వేసిన కొత్త దారి. పుట్టుకతోనే గుండె లోపం ఉన్న పిల్లల విషయంలో షంట్. చివర్లో ఫ్యామిలీ డాక్టరు రోగిని కార్డియాలజీకి ‘దెరివసియోన్’ చేశారని ఉంటే, రిఫర్ చేశారని. ఒకే డిశ్చార్జి కాగితంలో ఇందులో మూడర్థాలు తగలడం అరుదేమీ కాదు. ఒక పదానికి ఒకే అనువాదం కట్టుబడి వాడాలి అని అనువాద పాఠాల్లో చెబుతారు. చట్టాలకు, ఒప్పందాలకు అది మంచి నియమమే. ఇక్కడ మాత్రం ఆ నియమాన్ని మడికట్టుకుని పాటించినవాడే ఎక్కువ తప్పులు రాస్తాడు.

గుండె పై గదుల సంగతికి వస్తే తప్పు కాస్త సూక్ష్మంగా ఉంటుంది. స్పానిష్‌లో పై గదిని ‘అవురీకులా’ అంటారు. ఇంగ్లిష్‌లో ఆరికిల్ అనే మాట ఉంది, ఒకప్పుడు సరిగ్గా ఇదే అర్థంలో వాడేవారు కూడా. లండన్‌లో థామస్ లూయిస్ 1909లో ఆ గదులు గిలగిల కొట్టుకునే లయ తప్పడం గురించి రాసినప్పుడు ఆరిక్యులర్ ఫిబ్రిలేషన్ అనే రాశారు. ఆ తర్వాత ఇంగ్లిష్ వాళ్లు గదికి ఏట్రియం అనే పేరు స్థిరపరిచారు. ఆరికిల్ ఇప్పుడు ఆ గదికి అంటుకుని ఉన్న చిన్న సంచిలాంటి భాగానికి పరిమితమైపోయింది. స్పానిష్‌లో ఆ సంచికి ‘ఒరెహ్వేలా’ అని వేరే పేరుంది, చిట్టి చెవి అని అర్థం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో రక్తం గడ్డలు ఎక్కువగా పుట్టేది ఎడమవైపు సంచిలోనే. పక్షవాతం రాకుండా దాన్ని మూసేసే పరికరాలు కూడా వచ్చాయి. మూసింది సంచిని. అనువాదకుడు గదికీ సంచికీ తేడా చెరిపేస్తే చదివే డాక్టరుకు ఏం మూశారో అంతుపట్టదు.

ఇంకొన్ని ఉన్నాయి, వాటి దగ్గర ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. ‘కారా’ అంటే ముఖం, కానీ ‘కారా ఇన్ఫెరియోర్’లో గుండెపోటు అంటే గుండె కిందివైపు గోడకు వచ్చినది. ‘త్రోంకో’ అంటే చెట్టు బోదె, కార్డియాలజీలో ఎడమ ప్రధాన ధమని, ఇంగ్లిష్‌లో లెఫ్ట్ మెయిన్. ‘బాసో’ అంటే నీళ్లు తాగే గ్లాసు, రక్తనాళం కూడా అదే. ‘గ్రావె’ అంటే తీవ్రమైన. ఇంగ్లిష్‌లో అదే స్పెల్లింగు సమాధికి ఉంది, కాబట్టి సివియర్ అని రాయాలి. ‘దోబ్లె లెసియోన్ మిత్రాల్’ అని ఉంటే రెండు దెబ్బలు తగిలాయని కాదు, ఒకే కవాటం సన్నబడటమూ లీకవడమూ రెండూ ఉన్నాయని. రుమాటిక్ జ్వరం వచ్చిపోయినవాళ్లలో కనబడే స్థితి ఇది. మన ప్రాంతపు కార్డియాలజిస్టులకు బాగా పరిచయం.

రోగి పాత జబ్బుల జాబితాలో ‘ఆన్హీనాస్’ అని బహువచనంలో కనబడితే మాత్రం కాస్త నిలబడాలి. ఇంగ్లిష్‌లో యాంజైనా అంటే గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి. స్పెయిన్‌లో ‘ఆన్హీనాస్’ అంటే టాన్సిల్స్ వాపు, పిల్లలకు వచ్చే గొంతు నొప్పి. గుండె నొప్పికి ‘ఆన్హీనా దె పేచో’ అని ఛాతీని ప్రత్యేకంగా చేరుస్తారు. చిన్నప్పుడు పదేపదే టాన్సిల్స్ వచ్చిన మనిషికి అనువాదంలో చిన్నతనం నుంచే గుండెజబ్బు అంటగడితే, దాని మీద ఇన్సూరెన్సు కంపెనీ ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. అన్నట్టు, ‘కొన్స్తిపాదో’ అంటే జలుబు చేసినవాడు. ఇంగ్లిష్‌లో దాని కవల మలబద్ధకం.

ఇప్పుడొక పూర్తి వాక్యం చూద్దాం. నేను కట్టిన వాక్యమే, అయినా స్పెయిన్ ఎమర్జెన్సీ రిపోర్టులు ఇదే బాణీలో ఉంటాయి: ‘బరోన్ దె 67 ఆన్యోస్, సిన్ ఆబితోస్ తోక్సికోస్, అకూదె అ ఉర్హేన్సియాస్ పోర్ దొలోర్ సెన్త్రొతొరాసికో ఒప్రెసీవో కొన్ కొర్తేహో బెహెతతీవో.’ మాటకు మాట పేర్చితే, 67 ఏళ్ల మగవాడు, విషపూరితమైన అలవాట్లు లేనివాడు, ఛాతీ నడుమ అణచివేత నొప్పితో, వృక్షసంబంధమైన పరివారంతో కలిసి అత్యవసర విభాగానికి వస్తున్నాడు అని తేలుతుంది. నాటకంలో రాజుగారి ప్రవేశంలా ఉంది కదా.

దీన్ని విప్పడం ఎలాగో చూడండి. విషపు అలవాట్లు అంటే సిగరెట్లు, మద్యం, మత్తుమందులు. ఇంగ్లిష్ రిపోర్టులో పొగ తాగడు, మద్యం ముట్టడు, డ్రగ్స్ లేవు అని విడివిడిగా రాస్తారు. అణచివేత నొప్పి అంటే ఛాతీ మీద బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు ఉండే నొప్పి. కండరం పట్టేసిన నొప్పి వేరు, ఇది వేరు. ఈ ఒక్క విశేషణం వల్లనే డాక్టరు మనసు గుండె వైపు మళ్లుతుంది. ఇక ఆ వృక్షసంబంధమైన పరివారం: చెమటలు పట్టడం, వికారం, ముఖం పాలిపోవడం. మన ఇష్టంతో పనిలేకుండా పనిచేసే నాడులకు యూరప్‌లో ‘వెజిటేటివ్’ అనే పాత పేరుంది, స్పెయిన్ దాన్ని వదల్లేదు. ఇంగ్లిష్ వాళ్లు ఆటొనామిక్ అంటారు. ఇంగ్లిష్‌లో వెజిటేటివ్ అని రాస్తే, స్పృహ లేకుండా మంచాన పడి ఉన్న రోగి గుర్తొస్తాడు. నడిచి వచ్చిన మనిషిని కోమాలోకి పంపినట్టవుతుంది. క్రియ సంగతి కూడా ఉంది. స్పానిష్ డాక్టరు ‘వస్తున్నాడు’ అని వర్తమానంలో రాస్తాడు, ఇంగ్లిష్ కేసు రిపోర్టు ‘వచ్చాడు’ అని భూతకాలం కోరుతుంది.

‘బరోన్’ అని ఉంది కాబట్టి మగవాడని తెలిసింది. చాలా రిపోర్టుల్లో ‘పసియేన్తె’ అని మాత్రమే ఉంటుంది, అది ఆడా మగా ఇద్దరికీ వర్తిస్తుంది. స్పానిష్‌లో కర్తను చెప్పకపోయినా వాక్యం నడుస్తుంది, మనకూ ఆ అలవాటుంది. కానీ తెలుగులో ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని క్రియే గుట్టు విప్పుతుంది. స్పానిష్ క్రియ విప్పదు. అతని, ఆమె అనడానికి కూడా ‘సు’ అని ఒకే మాట. ఇంగ్లిష్‌లో మాత్రం రెండో వాక్యానికే హీ అనాలో షీ అనాలో తేలిపోవాలి. ఎక్కడో మూడో పేజీలో ‘ఇంగ్రెసాదా’ అని ఆడవారికి వాడే రూపంతో ఒక మాట కనబడుతుంది, అప్పుడు వెనక్కి వెళ్లి అన్నీ సరిచేసుకోవాలి. అందుకే కలం పట్టేముందు కాగితం మొత్తం ఒకసారి చదవడం ఈ పనిలో మొదటి నియమం. నన్నడిగితే, చివర ఉండే ‘హుయిసియో క్లీనికో’ను అందరికన్నా ముందు చదవాలి. క్లినికల్ జడ్జిమెంట్ అని అది ఊరిస్తుంది గానీ, అది డయాగ్నసిస్. జబ్బేమిటో ముందే తెలిస్తే పైనున్న సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

పొడి అక్షరాల దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. స్పెయిన్ డాక్టర్లకు పొడి అక్షరాలంటే మహా ఇష్టం. పుట్టుకతో గుండె పై గదుల మధ్య గోడలో రంధ్రం ఉంటే ‘కొమునికసియోన్ ఇంతెరవురికులార్’, కుదించి సీఐఏ. చిన్నపిల్లకు సీఐఏ ఉంది అని చదివి అమెరికావాళ్లు నవ్వుకుంటారు. ఇంగ్లిష్‌లో అది ఏఎస్‌డీ. పీసీఆర్ అని ఉంటే నవ్వులాట కాదు. స్పానిష్‌లో అది గుండె, శ్వాస ఆగిపోవడానికి కుదింపు. వాపును కొలిచే సీ-రియాక్టివ్ ప్రోటీన్‌కూ అదే కుదింపు. కోవిడ్ పుణ్యమా అని ఊరూరా తెలిసిన పీసీఆర్ పరీక్ష మూడోది. పక్కన అంకె ఉంటే ప్రోటీన్, పాజిటివ్ అనో నెగటివ్ అనో ఉంటే వైరస్ పరీక్ష, అడ్రినలిన్ ఇచ్చామని ఉంటే ఆగిన గుండె.

అన్నింటికన్నా ప్రమాదకరమైన జంట ఒకటుంది. గుండెపోటును ఈసీజీలో ఎస్‌టీ అనే భాగం పైకి లేచిందా లేదా అన్నదాన్ని బట్టి రెండుగా విడదీస్తారు. లేస్తే ధమని పూర్తిగా మూసుకుపోయిందని అనుమానం, క్షణాలు లెక్కపెట్టుకుంటూ క్యాథ్ ల్యాబ్‌కు పరుగెత్తాలి. లేవకపోతే చాలామంది విషయంలో కాస్త వ్యవధి ఉంటుంది. స్పానిష్‌లో ‘కోన్’ అంటే తో, ‘సిన్’ అంటే లేకుండా. ఎస్‌టీ లేచిన రకానికీ లేవని రకానికీ స్పెయిన్‌లో వాడే ఏడక్షరాల పొడి పేర్ల మధ్య ఒక్క నాలుగో అక్షరమే తేడా: సీ అయితే ‘కోన్’, ఎస్ అయితే ‘సిన్’. మాడ్రిడ్‌లో పలికితే చెవికి తేడా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ ఈ సీని నాలుకను పళ్ల మధ్య పెట్టి పలుకుతారు. కానరీ దీవుల్లో రెండూ సకారంలాగే వినబడతాయి. ఫోన్లో చెప్పిన దాన్ని అనువదించేవాళ్లు విడదీసి మళ్లీ అడగకపోతే ఒక రకం రెండో రకం అయిపోతుంది. ఇంగ్లిష్‌లోకి వచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. లేవని రకాన్ని చటుక్కున ఎన్‌స్టెమీ అనేస్తారు. ఆ స్పానిష్ పేరులో కండరం దెబ్బతినని అస్థిర యాంజైనా కూడా కలిసే ఉంటుంది, ఎన్‌స్టెమీలో ఉండదు. రాసిన డాక్టరు చెప్పనిదాన్ని అనువాదకుడు చెప్పకూడదు.

ఈ పొడి అక్షరాలే కాదు, మాటలు కూడా దేశాన్ని బట్టి మారతాయి. లేచిన ఎస్‌టీని స్పెయిన్‌లో ‘ఎలెబసియోన్’ అంటే అర్జెంటీనాలో ‘సుప్రదెస్నివెల్’, ముద్దుగా ‘సుప్రా’. పక్షవాతం స్పెయిన్‌లో ‘ఇక్తుస్’, అర్జెంటీనాలో ఏసీవీ, మెక్సికోలో ఈవీసీ. బ్యూనస్ ఎయిరిస్‌లో రోగిని ‘గ్వార్దియా’కు తీసుకెళ్లారంటే పోలీసులకు అప్పగించారని కాదు, ఎమర్జెన్సీకి తీసుకెళ్లారని. ‘ఎమొదినామికా’కు పంపారంటే రక్తప్రవాహ శాస్త్రం చదవడానికి కాదు, క్యాథ్ ల్యాబ్‌కు. రక్తపోటును స్పెయిన్‌లో ‘తెన్సియోన్’ అంటారు, జనం నోట అది ‘14, 8’ అని వినిపిస్తుంది. సెంటీమీటర్లలో చెబుతున్నారన్నమాట, అంటే 140/80. రోగి మాటల్ని దుబాసీ ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెబితే నర్సు మెషిన్ పాడైందనుకుంటుంది.

రోగి మాట అన్నాక ‘ఫతీగా’ గురించి చెప్పకుండా ఉండలేను. ఇంగ్లిష్ ఫటీగ్ అంటే అలసట. స్పానిష్ ‘ఫతీగా’కూ అలసట అర్థం ఉంది, కానీ ఊపిరి ఆడకపోవడం అనే అర్థం కూడా ఉంది, వికారం అనే అర్థం కూడా ఉంది. మెట్లెక్కితే ‘ఫతీగా’ వస్తోందని ఒక పెద్దాయన అన్నాడంటే, బలహీనత అని రాయాలా ఊపిరి అందడం లేదని రాయాలా? హార్ట్ ఫెయిల్యూర్‌ను పట్టుకోవడంలో ఈ రెండూ వేర్వేరు ఆనవాళ్లు. మనవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మన ‘ఆయాసం’ కూడా సరిగ్గా ఇంతే. సంస్కృతంలో శ్రమ, అలసట. మన వాడుకలో ఎగశ్వాస. టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో స్పానిష్ మాట్లాడే రోగుల్ని చూసే తెలుగు డాక్టర్లు చాలామందే ఉన్నారు. నాలుగు స్పానిష్ ముక్కలు నేర్చుకుని నెట్టుకొచ్చేవాళ్లు, ఈ ఒక్క మాట దగ్గర అమ్మమ్మ ఆయాసాన్ని తలుచుకుంటే చాలు, దిండ్లు ఎన్ని పెట్టుకుని పడుకుంటున్నావని తర్వాతి ప్రశ్న సరైనదే వస్తుంది.

మాట పొరపాటు ఎంత దూరం పోతుందో 1980లో ఫ్లోరిడాలో తేలింది. క్యూబన్ కుటుంబానికి చెందిన 18 ఏళ్ల కుర్రవాడు స్పృహతప్పితే ఆసుపత్రికి తెచ్చారు. ఇంటివాళ్లు ‘ఇన్తొక్సికాదో’ అన్నారు. తిన్నదేదో పడలేదని వాళ్ల ఉద్దేశం. అక్కడున్నవాళ్లకు ఇంగ్లిష్ ఇంటాక్సికేటెడ్ వినబడింది, మత్తుమందు ఎక్కువైందని వైద్యం చేశారు. నిజానికి మెదడులో రక్తస్రావం. ఆ అబ్బాయి కాళ్లూ చేతులూ శాశ్వతంగా పడిపోయాయి. పరిహారం సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లకు తేలింది. ఇది గుండెజబ్బు కథ కాకపోయినా, అమెరికాలో వైద్య దుబాసీల అవసరం గురించి మాట్లాడినప్పుడల్లా ఈ కేసు పేరే ఎత్తుతారు.

మందుల దగ్గర సూత్రం తేలిక, పాటించడమే కష్టం. బ్రాండు పేరు అలాగే ఉంచి, పక్కన అసలు మందు పేరు చేర్చాలి. స్పెయిన్‌లో రక్తం పలచబడటానికి వాడే ‘సింత్రోమ్’ ఎంత వాడుకైందంటే, ఆ మాటే మందుల జాతి పేరులా మారింది. అందులో ఉన్నది ఎసినోకొమరాల్. కవాటం మార్పిడి చేయించుకున్న మన రోగులు మింగే అసిట్రోమ్ కూడా అదే. అమెరికాలో అది దొరకదు, వార్ఫరిన్ వాడతారు. పాఠకుడికి సౌకర్యంగా ఉంటుందని అనువాదకుడు వార్ఫరిన్ అని రాసేస్తే, మిల్లీగ్రాముల లెక్కే తలకిందులవుతుంది, ఎందుకంటే రెండింటి మోతాదులూ, శరీరంలో నిలిచే కాలమూ వేరు. ‘కఫినిత్రీనా’ అనే నాలుక కింది మాత్రలో నైట్రోగ్లిజరిన్‌తో పాటు కెఫీన్ కూడా ఉంటుంది. ఉత్త నైట్రోగ్లిజరిన్ అని రాస్తే అదీ తప్పే. స్పెయిన్‌లో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, వేలకు కామా బదులు చుక్క. డిగాక్సిన్ 0,25 అంటే పావు మిల్లీగ్రాము. గుండె ఒత్తిడిని సూచించే రక్త పరీక్షలో 1.500 అంటే వెయ్యిన్నర. మెక్సికో మాత్రం మనలాగే దశాంశానికి చుక్క వాడుతుంది. కాగితం ఏ దేశానిదో తెలియకుండా అంకెను కూడా అనువదించలేమన్నమాట.

ఆసరాకు పుస్తకాలు లేకపోలేదు. మాడ్రిడ్‌లోని రాయల్ నేషనల్ అకాడమీ ఆఫ్ మెడిసిన్ తెచ్చిన వైద్య పదకోశంలో 50 వేలకు పైగా పదాలున్నాయి, ఇంగ్లిష్ సమానార్థకాలతో సహా. డాక్టరుగా చదివి అనువాదకుడైన ఫెర్నాందో నవారో 2000లో తెచ్చిన సందేహాల నిఘంటువును వృత్తిలో ఉన్నవాళ్లు ‘ఎర్ర పుస్తకం’ అని పిలుస్తారు. అది ఇంగ్లిష్ నుంచి స్పానిష్‌కు వెళ్లేవాళ్ల కోసం రాసిందే అయినా, ఏ మాట ఏ గోతిలోకి తోస్తుందో వాదించి చెబుతుంది కాబట్టి ఎదురు దిశలో నడిచేవాళ్లకూ దారి చూపిస్తుంది. 1947లో మొదలైన స్పెయిన్ కార్డియాలజీ పత్రిక వ్యాసాలు రెండు భాషల్లోనూ వస్తాయి. రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవడాన్ని మించిన బడి ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఎన్ని ఉన్నా చివరికి మిగిలే ఆయుధం ప్రశ్న. ఐసీ అంటే హార్ట్ ఫెయిల్యూరా, కార్డియాక్ ఇండెక్సా, మరో డాక్టరు సలహా కోరడమా అని రాసినవారిని అడగడం చేతకానితనం కాదు. అడగకుండా ఊహించడమే చేతకానితనం.

ఇదంతా యంత్రం చేసిపెట్టదా అని ఎవరైనా అడుగుతారు. మామూలు వాక్యాలు బాగానే చేస్తోంది, ఒప్పుకోవాలి. కానీ యంత్రం చేసే తప్పు కూడా నున్నగా, వ్యాకరణం చెడకుండా ఉంటుంది. అందుకే కళ్లకు దొరకదు. అమెరికాలో అఫర్డబుల్ కేర్ యాక్ట్ 1557వ సెక్షన్ కింద 2024లో వచ్చిన నిబంధన ప్రకారం, రోగికి కీలకమైన పాఠాన్ని యంత్రం అనువదించినప్పుడు అర్హుడైన మనిషి దాన్ని సరిచూడాలి. ఆ మనిషి ఏం చూడాలన్నది మాత్రం చట్టం చెప్పలేదు. నాలుగో అక్షరం, కామా, సంచి, పరివారం, ఇవే చూడాలి.

ఈ రాకపోకలు ఒకవైపు బేరం కాదు. స్పానిష్ వాళ్లు ఇంగ్లిష్ నుంచి తెచ్చుకున్నది ఎంతో, ఇచ్చింది తక్కువేమీ కాదు. ఊపిరితిత్తుల గుండా రక్తం తిరిగి గుండెకు చేరుతుందని 1553లో లాటిన్ గ్రంథంలో రాసిన మిగెల్ సెర్వేత్ ఆరగాన్ బిడ్డ. మతద్రోహమని అదే ఏడాది జెనీవాలో ఆయన్ని సజీవంగా కాల్చేశారు. మెక్సికో సిటీలో ఇగ్నాసియో చావెస్ 1944లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్డియాలజీ తెరిచినప్పుడు, దియెగో రివేరా అక్కడ వేసిన కుడ్యచిత్రాల్లో ఆ మంటలు కూడా ఉన్నాయి. కాలి సిరతో చేసే బైపాస్‌ను 1967లో క్లీవ్‌లాండ్‌లో నిలబెట్టిన రెనె ఫవలోరో అర్జెంటీనావాడు. బెలూన్‌తో విచ్చుకునే స్టెంట్ కనిపెట్టిన హూలియో పాల్మాస్‌ది అక్కడి లా ప్లాతా. కతలూన్యాకు చెందిన పెద్రో, జోసెప్ బ్రుగాదా సోదరులు 1992లో కొత్త సిండ్రోమ్‌ను వర్ణించినప్పుడు నేరుగా ఇంగ్లిష్‌లోనే రాశారు.

మౌరిసియో రోసెన్‌బామ్ తరం అలా కాదు. గుండె ఎడమవైపు విద్యుత్తు తీగ రెండు పాయలుగా చీలుతుందని, అందులో ఒక పాయ మాత్రమే తెగితే ఈసీజీలో దానికో ప్రత్యేకమైన గుర్తు ఉంటుందని బ్యూనస్ ఎయిరిస్‌లో ఆయన బృందం 1960ల చివర్లో తేల్చి, దానికి ‘ఎమిబ్లొకేయో’ అని పేరు పెట్టింది. సగం అడ్డు అని అర్థం. పుస్తకం మొదట స్పానిష్‌లో వచ్చింది, 1970లో ఇంగ్లిష్ రూపం వచ్చాక హెమిబ్లాక్ అనే మాట ప్రపంచమంతా పాకింది. ఆ తర్వాత ఇంగ్లిష్ వాళ్లకు అది నచ్చలేదు. చీలింది రెండు పాయలేనా అన్న చర్చ మొదలైంది, ఫాసిక్యులర్ బ్లాక్ అన్న పేరు పైకొచ్చింది. స్పానిష్ ఈసీజీ రిపోర్టుల్లో ‘ఎమిబ్లొకేయో’ ఇప్పటికీ రాజ్యమేలుతోంది. అంచేత ఈనాటి రోగి రిపోర్టు చేస్తుంటే లెఫ్ట్ యాంటీరియర్ ఫాసిక్యులర్ బ్లాక్ అని రాయాలి. రోసెన్‌బామ్ పాత వ్యాసాన్నే చేస్తుంటే హెమిబ్లాక్‌ను ముట్టుకోకూడదు, అది ఆయన ఇంగ్లిష్‌కు ఇచ్చిన మాట.